బామ్మర్ది పెట్టిన టేకు తలుపు

ఏప్రిల్ 16, ఆదివారం

రెండేళ్ళుగా మా ముఖం చూడని బామ్మర్ది ఇవాళ ట్రాలీ ఆటోలో దిగాడు. పక్కన పడుకోబెట్టుకుని తెచ్చింది పెళ్ళాన్ని కాదు, తలుపును. ఇస్నాపూర్‌లో మేం కట్టుకుంటున్న ఇంటికి సింహద్వారం తలుపు. పాత దుప్పట్లు చుట్టి, పురికొస కట్టి, బాలింతను దించినట్టు దించాడు.

"అక్కా, కండ్లు మూస్కో" అన్నాడు.

మా రేఖను కళ్ళు మూసుకోమంటే ఇంకా పెద్దవి చేసుకుని చూస్తుంది.

"గిదేందిరా శివా?"

"నీ ఇంటికి తలుపు. అసలు టేకు. దుకాణంల రందా కొట్టిచ్చి, పొట్టు వాసన జూసి మరీ తెచ్చిన. తల్లిగారి దిక్కుకెల్లి నేను పెట్టకుంటే ఎవరు పెడతరక్కా?"

రేఖ తలుపు మీద చెయ్యి వేసింది. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కళ్ళలో దుమ్ము పడిందట. నేను ఇసుక కుప్ప పక్కనే ఉన్నాను, నాకు పడలేదు.

వాళ్ళమ్మ పోయేసరికి శివకుమార్ నాలుగో తరగతి. ఆ రోజు నుంచి వాడికి అన్నం కలిపి పెట్టింది రేఖే. అట్లాంటివాడు రెండేళ్ళ కింద బోనాల నాడు ఈమె వండిన మటన్ నోట్లో పెట్టుకుని, "గడ్డి తిన్నట్టున్నది" అన్నాడు. అందరి ముందూ అన్నాడు. ముఖ్యంగా మా అక్క ముత్యమ్మ ముందు అన్నాడు. మా అక్క ఆ మాటను సంగారెడ్డి దాకా మోసింది. రేఖ మాటలు బంద్ పెట్టింది. రెండు రాఖీలు ఊరికే పోయాయి.

ఇవాళ మళ్ళీ వాడికి వండింది. వాడు తలెత్తకుండా తిన్నాడు, బాగుందని ఆరుసార్లు అన్నాడు.

వాళ్ళు తింటుంటే నేను తలుపు దగ్గరే ఉన్నాను. నిమిరాను. నిమిరిన చోట ఒక ముడి కనిపించింది. ముడిలో కన్ను. కన్నులో కన్నీటి చుక్క.

బర్రె కన్ను!

ఆ పేరు పెట్టింది నేనే. కాజీపల్లి దగ్గర మా బోర్డు కంపెనీలో పొద్దస్తమానం మేం చేసే పని అదే. పొట్టును జిగురుతో కలిపి పలక చేస్తాం, పైన టేకు బొమ్మ అచ్చేసిన కాగితం పెట్టి వేడిగా నొక్కుతాం. ఆ కాగితం మీద కొంత దూరానికి ఒకసారి బర్రె కన్ను వస్తుంది. తలుపు మీద కిందికి జరిగి వెతికాను. ఉంది. అదే కన్ను, అదే చుక్క. దేవుడు ఒక ముడిని రెండుసార్లు వేయడు. మా కంపెనీ వేస్తుంది. ఇంకా అనుమానం ఉంటే అంచు చూడాలి. అసలు కట్టెలో గీత పైనుంచి అంచు మీదికి మలుపు తిరుగుతుంది. దీని గీత అంచు దగ్గర ఆగిపోయింది. అక్కడినుంచి అంచుకు అంటించిన టేపు.

నేను చేసిన టేకును నాకే తెచ్చి పెట్టాడు, వాసన చూసి!

ఇసుక కుప్ప వెనక్కి వెళ్ళి కడుపు పట్టుకుని నవ్వాను. ఇరవై ఏళ్ళుగా బామ్మర్దిని ఏడిపిస్తున్నాను, ఇంత మంచి సరుకు ఎప్పుడూ దొరకలేదు.

ఇప్పుడే చెప్పను. ఆవకాయ కలిపిన రోజే తినకూడదు. ఊరాలి.

ఏప్రిల్ 17

కంపెనీలో బర్రె కన్ను నన్ను చూసి కన్ను కొట్టింది.

ఏప్రిల్ 20, గురువారం

వడ్ల కొమురయ్య కాక తలుపు బిగించడానికి వచ్చాడు. దర్వాజ, అంటే తలుపు చుట్టూ ఉండే చట్రం, ఆయనే చేశాడు. అది మాత్రం అసలు టేకు. గడప మీద కూర్చుంటే కిందినుంచి చల్లగా ఉంటుంది. తలుపు కొంచెం బిగువైందని రందా పెట్టి అంచు చిత్రిక పట్టాడు. రెండుసార్లు లాగి ఆగిపోయాడు.

"అంజయ్యా, గిదేందిరా? కట్టెకు రందా కొడితే ఉంగరాలు ఉంగరాలుగ రావాలె. దీనికి గోధుమపిండి రాలుతున్నది."

"మెల్లగనే కాక."

"మెల్లగేంది? నా దర్వాజకు కాయితం తలుపు బిగియ్యాల్నా? తీస్కపో. చపాతీలు చేస్కో."

ఆయన నోటి మీద చెయ్యి పెట్టి వెనక్కి తీసుకుపోయాను. విషయం చెప్పాను. తలుపు సంగతి తెలిస్తే తమ్ముడు సిగ్గుతో మళ్ళీ రెండేళ్ళు రాడని, రేఖ మళ్ళీ రాఖీ కొనుక్కుని డబ్బాలో దాచుకుంటుందని. చెప్తుంటే నాకే విచిత్రమనిపించింది. నేను దాస్తున్నది తమాషా కోసం కదా. ఆ ముక్క ఎందుకు చెప్పానో.

కాక బీడీ సాంతం తాగి అన్నాడు: "కట్టె గురించి నేను అబద్ధం చెప్ప. నన్నెవరన్న అడిగితే దగ్గుత."

"దగ్గు సరిపోతది కాక."

సాయంత్రం ఆయన కొట్టం నుంచి ఒక సంచీడు అసలు టేకు పొట్టు తెచ్చి తలుపు కింద చల్లాను. చూడటానికి ఎంత బాగుందో!

ఏప్రిల్ 23, ఆదివారం

పక్కింటి సూర్యప్రకాశరావు గారు వచ్చారు. పెద్ద ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. గోదావరి వైపు మనిషి. ఏ చెక్క కనిపించినా డాక్టరు రొమ్ము మీద కొట్టి చూసినట్టు వేలి కణుపుతో కొట్టి, తల వంచి విని, తీర్పు చెప్తారు. మా మేస్త్రీ పరంజిని కూడా కొట్టి చూసి పనికిరాదన్నారు.

ముందు కింద పొట్టు తీసి వాసన చూశారు. "ఆహా! నూనె వాసన, తోలు వాసన! టేకంటే ఇదీ."

నేను లోపల చెయ్యెత్తి మొక్కాను. అంతలో ఆయన కణుపు తలుపు మీదికి లేచింది. కొడితే అయిపోయింది. లోపలంతా పిండి, మోతలోనే దొరికిపోతుంది.

"సార్! కొట్టొద్దు!"

"ఏవయ్యా?"

"మా దిక్కు గృహప్రవేశం కాని తలుపును కొట్టరు సార్. తలుపు ఉలిక్కిపడ్తది."

"తలుపు ఉలిక్కిపడటవేవిటయ్యా!"

"ఉలిక్కిపడితె ఇంట్ల నిద్ర పట్టది. పెద్దలు చెప్పిండ్రు."

ఏ పెద్దలూ చెప్పలేదు. ఆ క్షణంలో నాకు తోచింది. ఆయన చెయ్యి దించారు. పాపం, మన ఆచారాలంటే ఆయనకు గౌరవం. వెళ్ళేటప్పుడు నోట్‌బుక్కులో రాసుకుంటానన్నారు కూడా.

రేఖ అంతా విని అడిగింది: "గీ ముచ్చట ఎన్నడు వినలే. ఏ పెద్దలు చెప్పిండ్రయ్యా?"

"మా నాయినమ్మ."

"నువ్వు పుట్టకముందే సచ్చిపోయె గద."

"గందుకే నీకు తెల్వది."

ఏప్రిల్ 27

ముత్యమ్మక్క ఫోన్ చేసింది. గృహప్రవేశం అయ్యేదాకా తలుపును కొట్టొద్దంట, తెలుసా అని నాకే చెప్పింది. పాలు పొంగినా సరిపోదంట, ఇంకో నలభై రోజులు ఆగాలంట. మా నాయనమ్మ ఆమె చిన్నప్పుడు స్వయంగా చెప్పిందంట.

నాకు కొంచెం భయం వేసింది.

ఏప్రిల్ 30, ఆదివారం

శివకుమార్ రంగులు వేసే పనికి సాయం వచ్చాడు. తలుపు ముందు నిలబడి మళ్ళీ మొదలుపెట్టాడు. "దుకాణమాయన పొట్టు చేతుల పెట్టిండు బావ. ఏం వాసన! అచ్చం గంధమే."

టేకుకు గంధం వాసన రాదు. ఆయన చేతిలో పెట్టింది ఏ పొట్టయినా కావచ్చు, కాని గంధం అసలే రాదు. కోతలు కోస్తున్నాడు, పట్టుకుందాం అనుకున్నాను. బాత్రూంలోకి పోయి చిన్న సీసాలో ఫినాయిల్ పోసుకొచ్చాను.

"బామ్మర్దీ, తెల్లాపూర్ల పెద్ద అపార్ట్‌మెంట్ సేటు ఇచ్చిండు. దుబాయ్ అత్తరు. జూడు."

మణికట్టు మీద రాశాను. వాడు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. కళ్ళు మూసుకున్నాడు.

"అబ్బ! గులాబి లెక్కున్నది బావ!"

నేను నేల మీద పడి నవ్వాను. వాడూ నవ్వాడు, నేను ఎందుకు నవ్వుతున్నానో తెలియకుండా. మణికట్టు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుని, "మస్తున్నది" అన్నాడు.

అప్పుడు ఆగిపోయింది నా నవ్వు.

మే 1, సోమవారం

వాణ్ణి బండి మీద ఎక్కించుకుని బొల్లారం దాకా ఊరికే తిప్పాను. ఒక చాయ్ హోటల్ దగ్గర ఆపి, "అది ఫినాయిల్‌రా" అన్నాను.

వాడు గ్లాసు చేతిలో తిప్పాడు.

"గడ్డపోతారం కంపెనీల చేరినప్పుడు మస్తు వాసనొస్తుండె బావ. ఇంటికి పోతే నా అంగీ కూడ వాసనొస్తుండె. తర్వాత మెల్లగ తక్కువైంది. కంపెనీ మంచిదైంది, కొత్త మిషిన్లు పెట్టిండ్రు అనుకున్న. తర్వాత జూస్తే ఇంట్ల పప్పు మాడినా తెలుస్తలేదు. కంపెనీ మంచిగ కాలే. నా ముక్కు పోయింది."

"గా మటన్..."

"గడ్డే తిన్నట్టుండె బావ. మాట నోట్లెకెల్లి వచ్చేసింది. అక్క మొఖం జూసినంక చెప్పనీకె ధైర్యం రాలె. చెప్తే నౌకరి మానిపిస్తది."

ఆ మందుల కంపెనీలో వాడి పని పెద్ద పెద్ద డబ్బాల పక్కన. ఏదన్నా కారితే ముందు ముక్కుకే తెలియాలి. మరి ఎట్లా చేస్తున్నావురా అని అడిగాను.

"పక్కోని మొఖం జూస్త. వాడు మొఖం చిట్లిస్తే నేను చిట్లిస్త."

నవ్వుతూనే చెప్పాడు. నేనూ నవ్వాను. చాయ్ చల్లారిపోయింది, ఎవరం తాగలేదు.

అక్కకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. తలుపు సంగతి నేను చెప్పలేదు. ఇప్పుడెందుకు, గృహప్రవేశం కానీ. సరుకు ఇంకా ఊరలేదు.

మే 3

శివకుమార్ షిఫ్టు దిగాక ఫోన్ చేశాను. తిట్టడానికి.

మే 6

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. స్నానం చేస్తున్నాడంట. తిట్టాను.

మే 11, గురువారం. గృహప్రవేశం

ఆవు లోపలికి వచ్చింది, పాలు పొంగాయి, నా చొక్కాకు పసుపు అంటింది. అన్నీ సక్రమంగా జరిగాయి.

ముత్యమ్మక్క పట్టుచీర కట్టుకుని వచ్చింది. నేరుగా తలుపు దగ్గరికే పోయింది. అమ్మలక్కలంతా వెనకే. అక్కకు గోరుతో గీకి చూసే అలవాటు. చీర అయినా, బంగారమైనా, కోడలైనా. చెయ్యి లేచింది. కానీ నలభై రోజుల మాట తనే ఊరంతా చెప్పి ఉంది కదా, చెయ్యి మళ్ళీ కొంగులోకి పోయింది. కళ్ళతో మాత్రం బాగా గీకింది.

"బాగనే పెట్టిండు రేఖా, మీ తమ్ముడు" అంది చివరికి.

మా అక్క నోటి నుంచి 'బాగనే' రావడం ఎండాకాలంలో వాన లాంటిది. రేఖ లోపలికి పోయి అక్కకు రెండో స్వీటు తెచ్చి పెట్టింది.

కొమురయ్య కాకను ఎవరో అడిగారు, "కాక, మంచి టేకేనా?" అని. కాక దగ్గడం మొదలుపెట్టాడు. మంచినీళ్ళిచ్చారు, వీపు రుద్దారు. చివరికి పాపమని కుర్చీ వేశారు.

భోజనాల దగ్గర శివకుమార్ పక్కన నేను కూర్చున్నాను. ముందే చెప్పి పెట్టాను: నేను మోకాలితో తగిలిస్తే 'అబ్బ' అనాలని. పులిహోరకు అబ్బ అన్నాడు. మటన్‌కు రెండుసార్లు అబ్బ అన్నాడు. రేఖ మొహం వెలిగిపోతోంది. నేను కాలు మార్చుకుంటుంటే మోకాలు తగిలి, మంచినీళ్ళకు కూడా అబ్బ అన్నాడు.

"ఏందిరా, నీళ్ళు గంత మంచిగున్నయా?" అంది రేఖ.

"మీ బోరు నీళ్ళక్కా... అబ్బ!"

తొడపాశం పెట్టాను.

ఇవాళ చెప్దామనుకున్నాను, తలుపు సంగతి. అందరూ ఉన్నారు, ఇంతకన్నా మంచి సభ దొరకదు. కానీ జనం ఎక్కువ ఉంటే తమాషా పలచనవుతుంది. ఇంకోసారి చూద్దాం.

మే 19, శుక్రవారం

కొత్త చిక్కు. నేను ఆలోచించనే లేదు.

రేఖ పొద్దున్నే లేచి బిందెతో గడప కడుగుతోంది. శుక్రవారం కదా, రెండు బిందెలు. నీళ్ళు ఎగిరి తలుపు అడుగుకు తగులుతున్నాయి. దర్వాజ టేకుది, దానికేం కాదు, వందేళ్ళు కడిగినా నిలుస్తుంది. తలుపు మాత్రం నీళ్ళు తాగితే రస్కు చాయ్‌లో ముంచినట్టే.

రేపటి నుంచి గడప నేను తుడుస్తాను. తడిగుడ్డతో.

మే 20

తుడిచాను. పసుపు కూడా రాశాను. ఎదురింటి ఆవిడ వాళ్ళాయన్ను లేపి తీసుకొచ్చి మరీ చూపించింది.

రేఖ వాకిట్లో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "మంచిగనే ఉన్నవా? డాక్టరుకాడికి పోదామా?"

"పుణ్యం కోసం."

"గీ వయసుల పుణ్యమెందుకు వచ్చింది నీకు? ఏం పాపం చేసినవ్?"

మే 28

తలుపు అడుగున కొవ్వొత్తి రుద్దాను. రేఖ బజారుకు పోయినప్పుడు. శివకుమార్‌కు ఫోన్ చేశాను, తిట్టాను. వాడి పక్కన పనిచేసే ఒడిశావాడు ఊరికి పోయాడంట. మరి ఎవడి మొహం చూస్తున్నావురా అంటే, సూపర్‌వైజరుది అన్నాడు. సూపర్‌వైజరు ఎప్పుడూ మొహం చిట్లించే ఉంటాడంట.

జూన్ 9

ఈ కాలనీలో ఇప్పుడెవ్వరూ తలుపులు కొట్టడం లేదు. వచ్చినవాళ్ళు గేటు దగ్గర నిలబడి దగ్గుతున్నారు. పాలవాడు దగ్గుతున్నాడు. గ్యాస్ బండ తెచ్చినతను దగ్గాడు. సూర్యప్రకాశరావు గారు రాగయుక్తంగా దగ్గుతారు. కొత్తగా దిగిన బిహారీ కుటుంబం ఒకరోజు మాస్కులు పెట్టుకుంది.

నలభై రోజుల గడువు దగ్గర పడుతోంది. అక్కకు ఫోన్ చేసి, నాయనమ్మ చెప్పింది నలభై కాదేమో, ఏడాదేమో అన్నాను. ఆలోచించి, "అవు, ఏడాదే, నాకిప్పుడు యాదికొస్తున్నది" అంది.

జూలై 6

గడప తుడిచాను. శివకుమార్‌కు ఫోన్ చేశాను.

ఒట్టు వేసి తప్పు చేశానా అనిపిస్తోంది. వాడికి ఏమన్నా అయితే రేఖ ముఖం ఎట్లా చూస్తాను? సరే, ఇట్లాంటివి రాయకూడదు. రేపు చెప్తాను, రెండూ చెప్తాను.

జూలై 7

ఆమె వాడికోసం మామిడికాయ తొక్కు ప్యాక్ చేస్తోంది. ఆ ముఖం చూశాక నోరు రాలేదు. తొక్కు వాడికి మాత్రం దేనికి, గడ్డే కదా అనబోయి, డబ్బా మూత బిగించి ఇచ్చాను.

జూలై 20, గురువారం

వాన. ఆపకుండా కొడుతోంది. మా అరుగు మీదికి జల్లు వస్తోంది. తలుపు ముందు యూరియా బస్తా సంచి వేలాడదీశాను. రేఖ పీకేసింది. "లక్ష్మీదేవికి బస్తా అడ్డం కడతవా?"

తలుపు కింద బర్రె కన్ను కొంచెం ఉబ్బినట్టుంది. రెప్ప వాచినట్టు.

జూలై 22, శనివారం

ఇవాళ్టిది మొత్తం రాయాలి.

మధ్యాహ్నం షిఫ్టు దిగి తడుస్తూ ఇంటికొచ్చాను. తలుపు మూసి ఉంది. బయట శివకుమార్ చెప్పులు. తోశాను. కదల్లేదు. భుజంతో తోశాను. గోడను తోసినట్టే.

"ఎవరూ?" అంది రేఖ లోపలినుంచి.

"నేనే."

"తలుపు పట్టేసింది. తమ్మి వానకు ఉరికొచ్చి జోరుగ మూసిండు. గుంజితె వస్తలేదు." కొంచెం ఆగి అంది: "కింద పొర లేసింది. లోపల పిండి ఉన్నది."

వాన నా తల మీద పడుతోంది, నాకు తెలియడం లేదు.

"ఎప్పటిసంది ఎరుక నీకు?" అని అడిగింది.

"ఏది?"

"ఏదా? లగ్గమైనప్పటిసంది తిన్న పళ్ళెం తియ్యనోనివి, పొద్దుగాల్ల లేసి కడప తుడుస్తుంటివి. గప్పుడే నాకు డౌటు కొట్టింది. ఏందో తెల్వదు గని, ఏందో ఉన్నదనుకున్న."

చెవి తలుపుకు ఆనించాను.

తర్వాత ఆమె గొంతు అటు తిరిగింది. "నువ్వు వాసన జూసి తెచ్చిన అంటివి గదరా. జూసినవా?"

లోపల కుర్చీ జరిపిన చప్పుడు.

"శివా, నిన్నే. జూసినవా?"

"వాసనలు రావక్కా నాకు" అన్నాడు వాడు. "ఎప్పటిసందో రావు. నీ మటన్ కూడ రాలే."

అసలు టేకు తలుపయితే నాకు ఒక్క ముక్క వినిపించేది కాదు. మా కంపెనీ సరుకు కాబట్టి వాడు ముక్కు ఎగబీల్చింది కూడా వినిపించింది. మిగతాదంతా చెప్పాడు. కంపెనీ, పక్కోడి మొహం, సూపర్‌వైజరు. నేను అరుగు మీద కూర్చున్నాను. ఇప్పుడు ఆమె తలుపు గురించి తిడుతుంది, వాడు సిగ్గుతో పోతాడు, మళ్ళీ రాడు అనుకుంటూ కూర్చున్నాను.

ఆమె వంటింట్లోకి పోయిన అడుగుల చప్పుడు. తిరిగొచ్చిన చప్పుడు. స్టీలు మూత తీసిన చప్పుడు. పోపుల డబ్బా.

"ఇది?"

"తెల్వదక్కా."

"ఇది?"

"తెల్వది."

"కండ్లు తెరవకు. ఇది?"

"ఊహూ."

"ఇది?"

"... జెర గుచ్చినట్టున్నది. ముక్కుల."

"మిరియాలురా! మిరియాలు!" అని అరిచింది, పరీక్షలో వాడు పాసైనట్టు. తర్వాత డబ్బా మూత పెట్టిన చప్పుడు.

అప్పుడే గొడుగు వేసుకుని సూర్యప్రకాశరావు గారు గేటు దగ్గర దగ్గారు.

"ఏవయ్యా అంజయ్యా, వానలో ఆ కూర్చోడం ఏవిటి?"

"తలుపు పట్టేసింది సార్."

"టేకు తలుపు పట్టేయడవేవిటి? టేకు ఉబ్బదే! ఉండు." ఆయన గొడుగు నా చేతికిచ్చి మెట్లెక్కారు. ఏడాది గడువూ లేదు, నాయనమ్మా లేదు, కణుపు లేచింది. నాకు ఏ అబద్ధమూ తోచలేదు. మొదటిసారి.

"అంకుల్!" అంది రేఖ లోపలినుంచి. "పాణమున్న కట్టె అంకుల్. వానకు ఒళ్ళు జేసింది. దుకాణపు టేకు ఉబ్బదేమో గని, మా తమ్ముడు పెట్టింది అసలుది. గది ఉబ్బుతది."

ఆయన చెయ్యి గాలిలో ఆగింది. ఆలోచించారు.

"అదీ నిజవేనమ్మా. జీవం ఉన్న చెక్క కదూ. మా క్వార్టర్స్‌లో బీరువా ఒకటి..." అని ఆ బీరువా ఎట్లా ఊపిరి తీసుకునేదో వాన తగ్గేదాకా చెప్పారు. నేను గొడుగు పట్టుకుని విన్నాను. నలభై తొమ్మిదేళ్ళుగా నేను ఆడిన అబద్ధాల్లో ఒక్కటీ దానికి సాటి రాదు.

ఆయన వెళ్ళాక లోపల మాటలు మళ్ళీ వినిపించాయి.

"సోమవారం నీ కంపెనీకి నేనొస్త. నిన్ను ప్యాకింగుల ఏస్తరా, ఎయ్యరా, ఆడనే అడుగుత. ముందుగాల ముక్కు డాక్టరుకాడికి."

"నౌకరి పోతదక్కా."

"పోనీ. ఇంకోటి దొరుకుతది. పాణం పోతే ఎవడు తెస్తడు, నీ సూపర్‌వైజరా?"

"మరి గీ తలుపు? తీసేద్దామక్కా. నాకు సిగ్గయితున్నది. వేరేది..."

"దీనికేమైంది? కొమురయ్య కాకతోటి కింద బెత్తెడు కోపిచ్చి రేకు కొట్టిస్త. నువ్వు పెట్టిన తలుపు. ఎవడన్న తీస్తే చేతులిరుగ్గొడత." కొంచెం ఆగి గొంతు పెంచింది, నాకు వినపడాలని: "కడప మాత్రం ఆయననే తుడుస్తడు. పుణ్యం గద!"

ఇద్దరూ నవ్వారు. నా గురించే నవ్వుతున్నారు. ఇంతకాలం ఊరబెట్టిన సరుకు, తిన్నది వాళ్ళిద్దరు.

వాన తెరిపి ఇచ్చాక వాళ్ళు లోపలినుంచి గుంజితే, నేను బయటినుంచి తోశాను. రెండో తోపుకు వచ్చేసింది. శివకుమార్ ముక్కు చివర పసుపు, మీసం మీద జీలకర్ర. నన్ను చూసి, "బావ, ఫినాయిల్ ఉన్నదా?" అన్నాడు. రేఖకు ఆ సంగతి కూడా చెప్పాడన్నమాట. తర్వాత వీపు మీద పడింది నాకు, ఆమె చెయ్యి. గట్టిగానే పడింది.

ఇదంతా రాసి ముగిద్దామనుకుంటుంటే ఒకటి గుర్తొచ్చింది. వంటింట్లోంచి పెరట్లోకి ఇంకో తలుపు ఉంది. ఇనుపది, వానకు ఉబ్బదు. ఆ పూట దానికి గడియ కూడా పెట్టి లేదు. లోపలున్న ఇద్దరికీ తెలుసు. బయట తడుస్తూ కూర్చున్న నాకూ తెలుసు.